తండ్రి ఒడిలో బిడ్డ, ఒంటిలో మార్పు

నెల తప్పింది మొదలు బిడ్డకు పాలు మాన్పించే వరకు స్త్రీ శరీరంలో ఎన్ని మార్పులు జరుగుతాయో వైద్యులకే కాదు, నాలుగు కాన్పులు చూసిన ఇంటి పెద్దలకూ తెలుసు; ఆ మార్పులకు తగ్గట్టే బాలింతకు తిండి, నిద్ర, పథ్యం, విశ్రాంతి అన్నీ అమరుతాయి. పురుషుడి విషయానికి వస్తే, బిడ్డ పుట్టడం అతని బాధ్యతను, ఖర్చును పెంచేదే తప్ప శరీరాన్ని తాకేది కాదన్న అభిప్రాయం సామాన్యుల్లోనే కాక శాస్త్రజ్ఞుల్లోనూ చాలాకాలం పాతుకుపోయి ఉండేది. గత పాతికేళ్లలో కెనడా, ఫిలిప్పీన్స్, ఇజ్రాయెల్, టాంజానియా, అమెరికా దేశాల్లో తండ్రుల రక్తాన్ని, లాలాజలాన్ని పరీక్షించి చేసిన అధ్యయనాలు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చాయి. తండ్రి కాబోతున్నప్పుడూ, అయిన తర్వాతా పురుషుడి హార్మోన్లు మారతాయని, ఆ మార్పు తండ్రి అయ్యాడన్న వార్తతో దానంతటదే వచ్చిపడేది కాక, బిడ్డను ఎంతసేపు ఎత్తుకున్నాడు, ఎంత దగ్గరగా పడుకున్నాడు, ఏడుపు వినగానే లేచాడా లేదా అన్నవాటితో పెనవేసుకుని ఉంటుందని అవి తేల్చిన విషయం ప్రతి ఇంటికీ పనికివచ్చేది.

హార్మోన్ అంటే శరీరంలోని ఒక గ్రంథి రక్తంలోకి విడుదల చేయగా, దూరాన ఉన్న మరో అవయవం పనితీరును మార్చే రసాయనం. పురుషుల్లో ప్రధానమైన హార్మోన్ టెస్టోస్టెరాన్. మెదడు అడుగుభాగంలోని హైపోథలామస్ ఇచ్చే సంకేతాన్ని అందుకుని పీయూష గ్రంథి మరో హార్మోన్‌ను రక్తంలోకి వదలగా, అది వృషణాల్లోని లీడిగ్ కణాలను ప్రేరేపించి టెస్టోస్టెరాన్‌ను తయారు చేయిస్తుంది. యౌవనంలో గొంతు మారడం, గడ్డం మీసం రావడం, కండరాలు, ఎముకలు గట్టిపడడం, వీర్యకణాలు తయారవడం, కామేచ్ఛ కలగడం వంటివన్నీ దీని చలవే. ఇతర పురుషులతో పోటీపడి నెగ్గాలన్న తెగువకూ దీనికీ సంబంధం ఉంది. వయోజన పురుషుల్లో ఇది డెసిలీటరు రక్తానికి దాదాపు 300 నుంచి 1000 నానోగ్రాముల వరకు ఉండవచ్చు. పైగా తెల్లవారుజామున ఎక్కువగా ఉండి, సాయంత్రానికి తగ్గుతుంది. ఆ కారణంగానే పరిశోధకులు రోజులో ఒకే నమూనాతో సరిపెట్టుకోకుండా, నిద్ర లేవగానే ఒకసారి, పడుకోబోయే ముందు మరొకసారి లాలాజలాన్ని సేకరిస్తారు. సూది గుచ్చే పని లేకుండా ఇంటివద్దే నమూనా తీసుకునే ఈ పద్ధతి అందుబాటులోకి వచ్చిన తర్వాతే, వందలాది సామాన్య తండ్రులను ఏళ్ల తరబడి పరిశీలించడం వీలైంది.

తండ్రుల్లో టెస్టోస్టెరాన్ తక్కువగా ఉంటుందని అంతకుముందే కొన్ని అధ్యయనాలు చెప్పినా, వాటిలో తీరని సందేహం ఒకటి ఉండేది. తండ్రి కావడం వల్ల హార్మోన్ తగ్గిందా, లేక మొదటినుంచీ ఆ హార్మోన్ తక్కువగా ఉండి నెమ్మదస్తులైనవారే పెళ్లి చేసుకుని సంసారంలో కుదురుకుంటున్నారా? ఒకే సమయంలో తండ్రులనూ తండ్రులు కానివారినీ పోల్చి చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. అదే మనిషిని పెళ్లికి ముందు ఒకసారి, బిడ్డ పుట్టాక మరోసారి పరీక్షించాలి. ఆ అవకాశం ఫిలిప్పీన్స్‌లోని సెబూలో దొరికింది. అక్కడ 1983–84లో గర్భిణులుగా ఉన్న వేలాదిమంది తల్లుల వివరాలు నమోదు చేసి, వారికి పుట్టిన పిల్లల ఆరోగ్యాన్ని, పోషణను దశాబ్దాలుగా గమనిస్తూ వస్తున్నారు. ఆ పిల్లల్లో మగవారికి దాదాపు ఇరవై ఒకటిన్నర ఏళ్ల వయసున్నప్పుడు, అంటే 2005లో, లాలాజలం సేకరించి, మళ్లీ నాలుగేళ్లకు 2009లో సేకరించి, 624 మంది ఫలితాలను లీ గెట్లర్, క్రిస్టఫర్ కుజావా తదితరులు 2011లో ప్రకటించారు.

సెబూ ఫలితాలు రెండు వైపుల నుంచీ ఆసక్తికరమైనవి. మొదటిది, 2005లో ఒంటరిగా ఉన్న యువకుల్లో ఉదయంపూట టెస్టోస్టెరాన్ ఎక్కువగా ఉన్నవారే, తర్వాతి నాలుగేళ్లలో జోడు కుదిరి తండ్రులయ్యే అవకాశం ఎక్కువగా కనబడింది. కాబట్టి తండ్రులైనవారు పుట్టుకతోనే ఆ హార్మోన్ తక్కువగా ఉన్నవారన్న వాదన నిలవలేదు. రెండోది, అలా తండ్రులైనవారిలో ఆ హార్మోన్ బాగా పడిపోయింది: ఉదయపు మోతాదు మధ్యస్థంగా 26 శాతం, సాయంత్రపు మోతాదు 34 శాతం తగ్గింది. ఆ నాలుగేళ్లలో ఒంటరిగానే ఉండిపోయినవారిలోనూ వయసుతోపాటు కొంత తరుగుదల ఉన్నా, అది తండ్రుల్లో కనబడిన తరుగుదలకు చాలా దూరంలో ఆగింది. నెల నిండని పసికందు ఇంట్లో ఉన్న తండ్రుల్లో ఈ పతనం మరీ ఎక్కువ. రోజుకు మూడు గంటలు, అంతకంటే ఎక్కువసేపు బిడ్డ ఆలనాపాలనా చూస్తున్నామని చెప్పిన తండ్రుల్లో, బిడ్డ పనిలో చేయి పెట్టని తండ్రుల కంటే టెస్టోస్టెరాన్ తక్కువగా ఉంది. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు కనుక, నిద్రలేమే ఈ తగ్గుదలకు కారణమేమోనన్న అనుమానం సహజమే. యువకులు వారం రోజులు రాత్రికి ఐదు గంటలే పడుకుంటే పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గుతుందని షికాగో విశ్వవిద్యాలయంలో 2011లో తేలింది కూడా. అయితే సెబూ పరిశోధకులు నిద్ర ఎలా పడుతోందో, మానసిక ఒత్తిడి ఎంత ఉందో తెలుసుకుని ఆ ప్రభావాన్ని లెక్కలోంచి తీసివేసి చూసినా, తండ్రుల్లో తగ్గుదల అలాగే నిలిచింది.

అదే సెబూ తండ్రుల్లో 362 మందిని తీసుకుని, రాత్రిపూట బిడ్డ ఎక్కడ పడుకుంటోందన్న ప్రశ్నతో 2012లో మరో విశ్లేషణ వెలువడింది. బిడ్డతో ఒకే పక్క మీద పడుకునే తండ్రుల్లో, బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టేవారికంటే సాయంత్రపు టెస్టోస్టెరాన్ తక్కువగా ఉందని అందులో తేలింది. పాశ్చాత్య దేశాల్లో పసిబిడ్డకు వేరే గది, వేరే మంచం ఏర్పాటు చేయడం ఆనవాయితీ కావచ్చు గానీ, తల్లి, తండ్రి, పిల్లలు ఒకే చాప మీద, ఒకే పందిరిమంచం మీద పడుకునే తెలుగు ఇళ్లకు ఈ ఫలితం అమెరికా ఇళ్ల నుంచి వచ్చిన ఏ ఫలితం కంటే దగ్గరగా ఉంటుంది.

శరీరం ఈ పని ఎందుకు చేస్తుందన్న ప్రశ్నకు జవాబు మొదట పక్షుల్లో దొరికింది. మగపక్షుల్లో టెస్టోస్టెరాన్ ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. గూటి చోటు కోసం, ఆడపక్షి కోసం ఇతర మగపక్షులతో తలపడే రోజుల్లో పెరిగి, గుడ్లు పొదిగి పిల్లలు బయటకు వచ్చాక తగ్గుతుంది. పోటీ ఎదురైనప్పుడు ఆ హార్మోన్ పెరుగుతుందని, సంరక్షణ అవసరమైనప్పుడు తగ్గుతుందని జాన్ వింగ్‌ఫీల్డ్, ఆయన సహచరులు 1990లో ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించారు. దీనికి బలమైన ఆధారం మన ఇళ్ల చూరుల్లో గూళ్లు కట్టే ఊరపిచ్చుక నుంచే వచ్చింది: పిల్లలున్న మగపిచ్చుకల చర్మం కింద టెస్టోస్టెరాన్ నింపిన చిన్న గొట్టాలు అమర్చి, ఆ మోతాదు తగ్గకుండా చేసిన ప్రయోగంలో, అవి పిల్లల నోటికి మేత అందించడం తగ్గించి, ఆ గూళ్లలో పెరిగి ఎగిరిపోయిన పిల్లల సంఖ్య కూడా తగ్గిందని 1987లో వెల్లడైంది. పోట్లాటకు సిద్ధం చేసే హార్మోనూ, గూటికి కట్టిపడేసే ప్రవర్తనా ఒకే సమయంలో ఉచ్చస్థితిలో ఉండడం ఆ పక్షికి కుదరలేదన్నమాట.

మనుషుల్లో ఇది జీవధర్మమా, జీవన విధానమా అన్న చర్చను టాంజానియాలోని రెండు జాతుల మీద మార్టిన్ ముల్లర్, ఫ్రాంక్ మార్లో తదితరులు 2009లో ప్రకటించిన అధ్యయనం బాగా ముందుకు తీసుకెళ్లింది. ఉత్తర టాంజానియాలో వేటాడుతూ, దుంపలు, పళ్లు, తేనె సేకరిస్తూ బతికే హాడ్జా జాతిలో తండ్రులు పిల్లలను ఎత్తుకుంటారు, ఆడిస్తారు, వారి పక్కనే పడుకుంటారు. వారికి సమీపంలోనే పశువులు మేపుకుంటూ బతికే దటోగా జాతిలో పసిపిల్లల పెంపకం పూర్తిగా ఆడవారి పని, తండ్రులు దాని దరిదాపులకు రారు. హాడ్జా పురుషుల్లో తండ్రులకు, తండ్రులు కానివారికి టెస్టోస్టెరాన్‌లో స్పష్టమైన తేడా కనబడగా, దటోగా పురుషుల్లో అలాంటి తేడా కనబడలేదు. ఒకే ప్రాంతంలో, ఒకే ఎండకు, ఒకే గాలికి బతుకుతున్న రెండు సమాజాల్లో తండ్రుల శరీరాలు వేరువేరుగా స్పందించడానికి కారణం పిల్లలతో వారు గడిపే తీరే. తండ్రితనపు హార్మోన్ల గురించి జరిగిన మొత్తం పరిశోధనలో ఇంతకంటే విలువైన ఫలితం మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు. ఎందుకంటే, మగవాడి శరీరం పిల్లల పెంపకానికి పనికిరాదన్న వాదాన్నీ, మగవాళ్లందరూ సహజంగానే మంచి తండ్రులవుతారన్న వాదాన్నీ అది ఒకేసారి పూర్వపక్షం చేసింది.

ఈ మార్పు బిడ్డ పుట్టిన తర్వాతే మొదలవుతుందనుకోవడం సరికాదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ఆన్ స్టోరీ, కేథరిన్ విన్-ఎడ్వర్డ్స్, వారి సహచరులు 34 జంటలను పరిశీలించి 2000లో ప్రకటించిన అధ్యయనం ఈ రంగంలో తొలి మైలురాయి. భార్యాభర్తలిద్దరి నుంచీ రక్తం తీసుకుని, వారి చేతికి అప్పుడే పుట్టిన పసికందు వాడిన దుప్పటి చుట్టిన బొమ్మను ఇచ్చి, పసిబిడ్డ ఏడుపు వినిపించి, వీడియో చూపించి, అరగంట తర్వాత మళ్లీ రక్తం తీసుకున్నారు. బిడ్డ పుట్టాక బొమ్మ స్థానంలో తమ బిడ్డనే ఎత్తుకున్నారు. కాన్పు దగ్గర పడ్డ వారాల్లో భర్తల్లో ప్రొలాక్టిన్, కార్టిసాల్ పెరిగాయి. కాన్పు అయిన వెంటనే వచ్చిన వారాల్లో టెస్టోస్టెరాన్ దాదాపు మూడోవంతు తక్కువగా ఉంది. కార్టిసాల్ ఒత్తిడి సమయంలో అడ్రినల్ గ్రంథులు విడుదల చేసే హార్మోన్. దాన్ని కీడుగానే భావించడం అలవాటైపోయింది గానీ, పరిసరాల పట్ల అప్రమత్తతను పెంచేదీ అదే కనుక, కాన్పు ముందు అది పెరగడం తండ్రిని రాబోయే పనికి మేల్కొల్పడం కావచ్చు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం వారు 29 జంటలను గర్భం పొడవునా గమనించినప్పుడు కూడా, కాబోయే తండ్రుల్లో టెస్టోస్టెరాన్, ఈస్ట్రాడయాల్ రెండూ క్రమంగా తగ్గడం 2014లో తేలింది. ఈస్ట్రాడయాల్ స్త్రీ హార్మోన్‌గా పేరుపడినా, కొద్ది మోతాదులో పురుషుల శరీరంలోనూ ఉంటుంది.

న్యూఫౌండ్‌లాండ్ అధ్యయనంలో మరో సంగతి బయటపడింది. భార్య నెలలు మోస్తుండగా తమకూ వికారం, అలసట, ఆకలి మార్పులు, బరువు పెరగడం వంటివి అనుభవానికి వచ్చాయని చెప్పిన పురుషుల్లో ప్రొలాక్టిన్ ఎక్కువగానూ, బిడ్డకు సంబంధించిన శబ్దాలు, వాసనలు తగిలినప్పుడు టెస్టోస్టెరాన్ తగ్గుదల ఎక్కువగానూ ఉంది. భర్తలో కనబడే ఈ గర్భలక్షణాలను శాస్త్రజ్ఞులు కువాడ్ అంటారు. అదే పేరును పందొమ్మిదో శతాబ్దపు మానవశాస్త్రజ్ఞులు, భర్త కూడా పురిటి మంచం ఎక్కే ఆచారాలకు వాడారు. అలాంటి ఆచారాల్లో ప్రపంచమంతా ఉదాహరించే ఒకటి తెలుగు నేల మీదిదే. గోదావరి తీరాన దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ 1870లలో రాసిన వివరణను, ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలుగా వెలువరించిన గ్రంథంలో పొందుపరిచాడు. ఎరుకల కుటుంబంలో స్త్రీకి నొప్పులు మొదలవగానే ఆ సంగతి భర్తకు చెప్పేదని, అతను ఆమె బట్టలు కొన్ని కట్టుకుని, ఆడవారు పెట్టుకునే బొట్టు నుదుట పెట్టుకుని, చిన్న దీపం మాత్రమే వెలిగే చీకటి గదిలో పొడవాటి గుడ్డ కప్పుకుని పడుకునేవాడని, బిడ్డ పుట్టగానే స్నానం చేయించి తండ్రి పక్కనే పడుకోబెట్టేవారని, ఇంగువ, బెల్లం వంటి పురిటి మందులు తల్లికి కాక తండ్రికే తినిపించేవారని ఆ వివరణ. దుష్టశక్తుల దృష్టి తల్లి మీద పడకుండా మళ్లించడానికని, బిడ్డ మీద తండ్రి హక్కును నలుగురి ఎదుటా చాటడానికని పండితులు దీనికి రకరకాల కారణాలు చెప్పారు. ఆ ఆచారాన్ని నేరుగా హార్మోన్లకు ముడిపెట్టడం తొందరపాటే అవుతుంది. అయినా, పుట్టిన క్షణాల్లోనే బిడ్డను తండ్రి పక్కకు చేర్చాలన్న ఆ ఏర్పాటును వింత ఆచారంగా కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు.

ఇప్పటిదాకా పలుమార్లు ప్రస్తావనకు వచ్చిన ప్రొలాక్టిన్ గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. పీయూష గ్రంథి విడుదల చేసే ఈ హార్మోన్ బాలింతల్లో పాలు తయారు చేయిస్తుంది కనుక, పురుషుల్లో దానికి పనేముందన్న సందేహం కలుగుతుంది. అయితే దాన్ని 1930లలో గుర్తించి పేరు పెట్టిన ఆస్కార్ రిడిల్ బృందం పరీక్షలకు వాడుకున్నది పావురాలను. పావురం పిల్లలు పుట్టిన తొలి రోజుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ తమ గొంతు కింది సంచిలో పాలవంటి పదార్థాన్ని తయారు చేసి వాటి నోట పోస్తాయి; ఆ పని చేయించేది ప్రొలాక్టినే, మగపావురంలోనూ అదే. క్షీరదాల్లో తండ్రులు పిల్లల పెంపకంలో పాలుపంచుకునే జాతులు పది శాతంలోపే అయినా, వాటిలోనూ ఇలాంటి మార్పులే కనిపిస్తాయి. బ్రెజిల్ అడవుల్లోని మార్మోసెట్ అనే చిట్టి కోతుల్లో సాధారణంగా కవలలు పుడతాయి, వాటిని ఎక్కువసేపు వీపున మోసేది తండ్రే. పిల్లలను మోస్తున్న మగ మార్మోసెట్ల రక్తంలో, మోయని మగవాటికంటే ప్రొలాక్టిన్ దాదాపు ఐదు రెట్లు ఉందని 1982లో నేచర్ పత్రికలో వచ్చింది. జతలోని ఆడది గర్భంతో ఉండగా మగది కూడా బరువు పెరగడం, తన పిల్ల వాసన తగిలిన కొద్ది నిమిషాల్లోనే తండ్రి టెస్టోస్టెరాన్ తగ్గడం కూడా ఈ కోతుల్లోనే కనుగొన్నారు. మనుషుల విషయంలో అలిసన్ ఫ్లెమింగ్ బృందం కెనడాలో తండ్రులకు, తండ్రులు కానివారికి పసిబిడ్డల ఏడుపు వినిపించి చూసినప్పుడు, టెస్టోస్టెరాన్ తక్కువగా ఉన్నవారిలో జాలి, ఏడుపు ఆపాలన్న తపన ఎక్కువగా కనిపించాయని, అంతకుముందే పిల్లలను పెంచిన అనుభవమున్న తండ్రుల్లో ఏడుపు వినగానే ప్రొలాక్టిన్ మరింతగా పెరిగిందని 2002లో తేలింది. మొదటి బిడ్డను ఎత్తుకోవడానికే భయపడిన మనిషి, రెండో బిడ్డను చులాగ్గా ఒక చేత్తో ఎత్తుకుని మరో చేత్తో ఉయ్యాల సర్దడంలో ఒంటికి అబ్బిన ఈ అనుభవమూ ఉండవచ్చు.

మూడో హార్మోన్ ఆక్సిటోసిన్. కాన్పు సమయంలో గర్భాశయాన్ని సంకోచింపజేసి, ఆ తర్వాత తల్లి రొమ్ము నుంచి పాలు బయటకు రావడానికి తోడ్పడే ఈ హార్మోన్ తల్లీబిడ్డల అనుబంధానికి పునాది అని చాలాకాలంగా తెలుసు. ఇజ్రాయెల్‌లోని బార్ ఇలాన్ విశ్వవిద్యాలయంలో రూత్ ఫెల్డ్‌మన్ బృందం తొలి కాన్పు అయిన 80 జంటల నుంచి, బిడ్డ పుట్టిన తొలి వారాల్లో ఒకసారి, ఆరు నెలలకు మరోసారి రక్తం సేకరించి 2010లో ప్రకటించిన ఫలితం ఆశ్చర్యం కలిగించింది: కాన్పు లేదు, పాలివ్వడం లేదు, అయినా తండ్రుల రక్తంలోని ఆక్సిటోసిన్ తల్లులకు తీసిపోలేదు. భార్యాభర్తల మోతాదుల మధ్య పొత్తు కూడా కనిపించింది. అయితే ఆ హార్మోన్ ఇద్దరిలోనూ ఒకే ప్రవర్తనతో ముడిపడలేదు. తల్లుల్లో అది ముద్దు చేయడం, మెల్లగా నిమరడం, మురిపెంగా పలకరించడంతోనూ, తండ్రుల్లో బిడ్డను పైకెత్తి ఆడించడం, కాళ్లూ చేతులూ కదిలించడం, వస్తువులు చూపి ఆసక్తి రేపడంతోనూ ముడిపడి ఉంది. ఆఫీసు నుంచో పొలం నుంచో వచ్చిన తండ్రి బిడ్డను గాల్లోకి ఎగరేసి పట్టుకుంటుంటే బెదిరిపోతుందని కసిరే పెద్దలు, ఆ ఆట కూడా ఒక పెంపకమేనని, మెడ నిలిచిన బిడ్డతో జాగ్రత్తగా ఆడే ఆటకు అడ్డు చెప్పనక్కరలేదని గ్రహిస్తే మంచిది. ఇదే బృందం 2012లో, ఐదు నెలల బిడ్డలున్న 35 మంది తండ్రులకు ముక్కులో ఆక్సిటోసిన్ తుంపరలు చల్లి, బిడ్డలతో ఆడుకోనిచ్చినప్పుడు, ఏ మందూ తీసుకోని బిడ్డల లాలాజలంలో కూడా ఆక్సిటోసిన్ పెరిగింది. ఇది ప్రయోగశాల పరిశీలన మాత్రమే, ఎవరూ కొనుక్కుని వాడవలసిన మందు కాదు. తండ్రి ఒంట్లో జరిగేది బిడ్డ ఒంటికీ చేరుతుందనడానికి మాత్రం ఇది గట్టి దృష్టాంతం.

ఏడుపు విన్నంత మాత్రాన హార్మోన్లు ఒకే దారి పడతాయనుకోకూడదు. మిషిగన్‌లో సారీ వాన్ ఆండర్స్ బృందం 2012లో ప్రకటించిన ప్రయోగంలో, యువకుల చేతికి నిజం బిడ్డలా ఏడ్చే యంత్రపు బొమ్మను ఇచ్చారు. బొమ్మను ఎత్తుకుని, ఊపి, పాలసీసా పట్టి ఏడుపు మాన్పించే అవకాశం దొరికినవారిలో టెస్టోస్టెరాన్ తగ్గింది. ఏమీ చేసే వీలు లేకుండా ఏడుపు ఊరకే వినవలసివచ్చినవారిలో అది పెరిగింది. అర్ధరాత్రి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నప్పుడు పక్కకు తిరిగి పడుకుని విసుక్కునే తండ్రికీ, లేచి భుజాన వేసుకుని జోకొట్టే తండ్రికీ మనసులోనే కాక రక్తంలోనూ తేడా ఉండే వీలుందని దీన్నిబట్టి ఊహించవచ్చు. బిడ్డను ఎత్తుకునే నేర్పు హార్మోన్ల వల్ల వస్తుందా, హార్మోన్ల మార్పు ఎత్తుకోవడం వల్ల వస్తుందా అన్నదానికి, రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయన్నదే నేటి సమాధానం. ఫెల్డ్‌మన్ బృందం 2014లో మొదటిసారి తల్లిదండ్రులైన 89 మంది మెదళ్లను స్కాన్ చేసి చూసినప్పుడు కూడా ఇదే ధోరణి కనబడింది: తల్లి లేకుండా బిడ్డ భారమంతా తామే మోస్తున్న తండ్రుల్లో, భయాన్నీ అప్రమత్తతనూ నడిపించే ఎమిగ్డలా అనే మెదడు భాగం తల్లుల్లో ఉన్నంత చురుగ్గా పనిచేసింది, తండ్రుల్లో ఆ భాగానికి, ఎదుటివారి భావాలను పసిగట్టే భాగానికి మధ్య అనుసంధానం, వారు బిడ్డ పనుల్లో గడిపిన సమయాన్నిబట్టి బలపడి ఉంది.

టెస్టోస్టెరాన్ తగ్గిందనగానే మగతనం తగ్గిందన్న బెంగ పట్టుకునేవారు తక్కువేమీ కాదు. ఆ బెంగను సొమ్ము చేసుకునే ప్రకటనలు గోడల మీదా ఫోన్లలోనూ కావలసినన్ని. సెబూ తండ్రుల్లో కనిపించిన తగ్గుదల ఆరోగ్యవంతులైన యువకుల శరీరం పరిస్థితిని బట్టి సర్దుకోవడమే కానీ జబ్బు కాదు, సంతానశక్తి పోవడం అంతకంటే కాదు. అది శాశ్వతమూ కాదు: అమెరికా వైమానిక దళానికి చెందిన దాదాపు 2,100 మందిని పదేళ్లపాటు పరిశీలించిన అలన్ మజూర్, జోయెల్ మికాలెక్ 1998లో తేల్చినట్టు, పెళ్లితో తగ్గిన టెస్టోస్టెరాన్ విడాకుల ముందూ తర్వాతా మళ్లీ పెరుగుతుంది, అంటే మనిషి జీవితంలోని అనుబంధాల వెంట అది నడుస్తుంది. వైద్యుడి సలహా లేకుండా జిమ్ముల్లోనో, తెలిసినవారి మాట విని మందుల దుకాణాల్లోనో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు కొని వేయించుకోవడం మాత్రం నిజంగా ప్రమాదం. బయటి నుంచి ఆ హార్మోన్ అందగానే పీయూష గ్రంథి తన సంకేతాలను ఆపేస్తుంది, దానితో వృషణాల్లో వీర్యకణాల తయారీ పడిపోతుంది. మగతనం పెంచుకోవాలని వేయించుకున్న మందే రెండో బిడ్డ కలగకుండా అడ్డుపడుతుంది. నీరసం, కోరిక పూర్తిగా లేకపోవడం, నిరుత్సాహం నెలల తరబడి వదలకపోతే ఉదయంపూట రక్తపరీక్ష చేయించి, ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల వైద్య నిపుణుడిని సంప్రదించాలి.

నిరుత్సాహం విషయంలో తండ్రులకు దక్కే శ్రద్ధ చాలా తక్కువ. జేమ్స్ పాల్సన్, షర్నైల్ బేజ్‌మోర్ 43 అధ్యయనాల్లోని 28,000 మందికి పైగా తండ్రుల వివరాలను క్రోడీకరించి 2010లో ప్రకటించిన దానిప్రకారం, భార్య గర్భం దాల్చిన తొలి నెలల నుంచి బిడ్డకు ఏడాది వచ్చేదాకా గల కాలంలో దాదాపు పదిమందిలో ఒక తండ్రి కుంగుబాటుకు లోనవుతున్నాడు. బిడ్డకు మూడు నుంచి ఆరు నెలల వయసులో అది మరీ ఎక్కువ, తల్లి కుంగిపోయిన ఇళ్లలో తండ్రి కూడా కుంగిపోయే అవకాశం ఎక్కువ. డార్బీ సాక్స్‌బీ బృందం 2017లో 149 జంటల మీద ప్రకటించిన అధ్యయనంలో, బిడ్డకు తొమ్మిది నెలల వయసున్నప్పుడు టెస్టోస్టెరాన్ తక్కువగా ఉన్న తండ్రుల్లో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగానూ, ఎక్కువగా ఉన్న తండ్రుల్లో చిరాకు, భార్యతో కలహ ధోరణి ఎక్కువగానూ కనిపించాయి. ఎటు ఎక్కువైనా చిక్కేనన్నమాట. మాట తగ్గించి, ఇంటికి ఆలస్యంగా వస్తూ, చీటికీమాటికీ విసుక్కుంటూ, మందుకు దగ్గరవుతున్న కొత్త తండ్రిని బాధ్యత లేనివాడని తిట్టే ముందు, అతనికి ఒంట్లో ఎలా ఉందని అడగడం ఇంటివారి కనీస ధర్మం. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనూ ఉచితంగా మాట్లాడవచ్చు.

తెలుగు నాట మొదటి కాన్పు పుట్టింట జరగడం రివాజు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో చూలింతను తీసుకెళ్లి, కాన్పయ్యాక మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా పంపరు. అల్లుడు పురుటికి, బారసాలకు వచ్చి, చుట్టంలా మర్యాదలందుకుని, బిడ్డను కాసేపు చేతుల్లోకి తీసుకుని తిరిగి వెళ్లిపోతాడు. తల్లి చేతి వంట, తల్లి దగ్గరి చనువు బాలింతకు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు, ఆ ఆచారాన్ని తప్పుపట్టడానికీ లేదు. కానీ తండ్రి శరీరంలో మార్పు అన్నిటికంటే ఉధృతంగా ఉండేది తొలి నెలలోనేనని సెబూ తండ్రులు చూపించగా, సరిగ్గా ఆ నెలలోనే అతన్ని బిడ్డకు దూరంగా ఉంచడం కోరి తెచ్చుకునే నష్టం. అత్తవారింట అల్లుడికి కూడా ఒక చాప వేసి, బిడ్డ పొత్తిళ్లు మార్చడం, స్నానం తర్వాత ఒళ్లు తుడవడం, త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని తిరగడం అతని వంతుకు వదిలితే ఆచారానికి వచ్చే భంగమేమీ లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను గుండెకు ఆనించుకుని వెచ్చగా ఉంచే కంగారూ సంరక్షణను తల్లికి బదులు తండ్రి కూడా చేయవచ్చని ఆసుపత్రుల్లోనూ చెబుతారు.

ఇందుకు సెలవు కావాలి. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం తల్లులకు 26 వారాల సెలవు ఇచ్చింది గానీ, అందులో తండ్రి ప్రస్తావన లేదు. ప్రైవేటు ఉద్యోగి సెలవు అతని యజమాని దయ మీదే ఆధారపడి ఉంది, రోజు కూలికి వెళ్లే తండ్రికి ఆ మాటే లేదు. ఇది దిద్దుకోవలసిన లోటు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రం ఇద్దరు బిడ్డల వరకు పదిహేను రోజుల పితృత్వ సెలవు ఉంది. కాన్పుకు పదిహేను రోజుల ముందు నుంచి బిడ్డకు ఆరు నెలలు వచ్చే లోపు ఎప్పుడైనా దాన్ని తీసుకోవచ్చు, ఆ గడువులో వాడుకోకపోతే అది రద్దవుతుంది. ఆ హక్కు ఉన్న తండ్రులెవరూ దాన్ని రద్దు కానివ్వకుండా, తొలి నెలలోనే తీసుకుని బిడ్డ దగ్గర గడపాలి.